కాగితం ఒక్కటే గడప దాటించదు

(మండల కేంద్రంలోని అంబేద్కర్ భవనంలో జయంతి వారోత్సవాల్లో భాగంగా జరిగిన విద్యార్థి యువజన సదస్సులో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. విన్నవారి కోరికపై ఇక్కడ ఇస్తున్నాం.)

 

నన్ను 'విద్య - ఉపాధి' అనే విషయం మీద మాట్లాడమన్నారు. అది సముద్రమంత విషయం. నేను ఒక్క ప్రశ్నకే జవాబు చెప్తాను. ఆ ప్రశ్న నాది కాదు, మా వాడలో ఒక తల్లిది. పోయిన నెల ఆమె పొద్దున్నే మా ఇంటికొచ్చింది. చేతిలో కొడుకు ఫోను. "మాస్టారూ, మావాడు ఇంట్లో కూర్చొనే ఫోనులో డిగ్రీ చదువుతాడంట. అది చదివితే హైదరాబాదులో పెద్ద కంపెనీలో కన్సల్టెంటు ఉద్యోగమంట, నెలకి లక్ష రూపాయలంట. ముందు అరవై వేలు కట్టాలంట. గేదెను అమ్ముదామంటున్నాడు. అమ్మమంటారా?" అని అడిగింది.

ఆ ఇంటికి ఆ గేదె ఒక్కటే ఆధారం. ఆయన పోయాక ఆ గేదె పాల మీదే పిల్లాడిని ఇంటర్ దాకా తెచ్చింది. అమ్మమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అమ్మొద్దని చెప్పి ఆ పిల్లాడి ఆశ తుంచడానికీ నోరు రాలేదు. "నాలుగు రోజులు ఆగు అక్కా, నేను విచారించి చెప్తా" అన్నాను. ఆ విచారణలో తేలిందే ఈ రోజు మీ ముందు పెడుతున్నాను. ఎందుకంటే ఆ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. ఇక్కడున్న ప్రతి ఇంట్లో ఒక గేదో, ఒక పుస్తెలతాడో, అర ఎకరం అసైన్డ్ భూమో ఇట్లాంటి ప్రశ్న కింద నలుగుతూనే ఉంది.

ముందు కన్సల్టెన్సీ అంటే ఏమిటో చూద్దాం. మనవాళ్లకు కన్సల్టెన్సీ అనగానే అమీర్‌పేటలో వీసాలు చూసే ఆఫీసు, చేయని పనికి చేసినట్టు అనుభవం కాగితాలు పుట్టించే ఆఫీసు గుర్తొస్తాయి. నేను చెప్పేది అది కాదు. ఒక కంపెనీకో ప్రభుత్వానికో ఒక చిక్కు వస్తుంది. ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలి, నష్టం ఎందుకొస్తోంది, ఆసుపత్రులు ఎట్లా నడపాలి. అప్పుడు బయటివాళ్లను పిలుస్తారు. ఆ బయటివాళ్లు లెక్కలు తీస్తారు, మనుషులను అడుగుతారు, నాలుగు దారులు చూపించి ఈ దారి మేలు అని రిపోర్టు రాసి ఇస్తారు. సలహా ఇవ్వడమే వాళ్ల వ్యాపారం. మెకిన్సీ అనే కంపెనీ 1926లో అమెరికాలోని చికాగోలో ఈ పని మొదలుపెట్టింది. ఇప్పుడు బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్, బెయిన్, డెలాయిట్, కేపీఎంజీ, ఈవై, పీడబ్ల్యూసీ లాంటివి ప్రపంచమంతా ఉన్నాయి. వీటిలో కొన్నిటికి హైదరాబాదులో వేలమంది పనిచేసే ఆఫీసులున్నాయి.

'వాళ్ల వ్యాపారంతో మనకేం పని?' అని మీరు అడగవచ్చు. పని ఉంది. వెనకటికి ప్రతి ఊళ్లో ఒక కరణం ఉండేవాడు. దున్నింది మనం, దస్తరంలో రాసింది ఆయన. ఎవరి పేరు రాస్తే వాళ్లదే భూమి. 1984లో ఆ కరణీకం రద్దయింది. పీడ పోయిందనుకున్నాం. కానీ రాసే చెయ్యి మాత్రం మారలేదు. కొత్త కరణాలు లాప్‌టాప్ పట్టుకొని వచ్చారు. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'విజన్ 2020' అని ఒక పత్రం తెచ్చింది. దాన్ని మెకిన్సీ కంపెనీ సాయంతో తయారు చేశారు. వ్యవసాయం మీద బతికే జనం తగ్గిపోవాలి అన్నది అందులో ఒక ఆలోచన. వ్యవసాయం మీద బతికే జనంలో కూలికి పోయే జనం ఎవరు? మనం. మన బతుకు ఎటు పోవాలో రాశారు, మన గూడెంలోకి వచ్చి అడిగిన పాపాన పోలేదు. 2015లో అమరావతి ప్రణాళిక సింగపూర్ సంస్థలు గీశాయి. అక్కడ అసైన్డ్ భూమి ఉన్న దళిత రైతులకు మొదట ఇస్తామన్న ప్యాకేజీ పట్టా రైతులకన్నా తక్కువ. 2020 జనవరిలో రాజధానుల మీద బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ ఇంకో రిపోర్టు ఇచ్చింది. ఆ రిపోర్టుల మంచిచెడ్డలు ఇక్కడ తేల్చడం లేదు. ఒకటే అడుగుతున్నాను. మన భూమి, మన నీళ్లు, మన బడి గురించి రాసే ఆ బల్ల దగ్గర మనవాడు ఒక్కడైనా కూర్చున్నాడా?

మనవాళ్లకు ఆ తెలివి లేదని ఎవరైనా అంటే వాళ్లకు 2001 సంగతి చెప్పండి. మెదక్ జిల్లాలో 'ప్రజాతీర్పు' పేరుతో చిన్న సన్నకారు రైతుల చేత ఒక జ్యూరీ పెట్టారు. అందులో ఎక్కువ మంది ఆడవాళ్లే. విజన్ 2020 చెప్పే వ్యవసాయాన్ని వాళ్ల ముందు పెట్టారు, నిపుణులను పిలిపించి సాక్ష్యం చెప్పించారు. ఆ అక్కలు రోజుల తరబడి విన్నారు, ఎదురు ప్రశ్నలు వేశారు, చివరికి ఆ దారి మాకొద్దని తీర్పు చెప్పారు. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీలు జరిగినప్పుడు మస్టర్లు పట్టుకొని గడప గడపకూ తిరిగి దొంగ పేర్లు పట్టుకున్నది ఎవరు? ఎక్కువగా కూలి ఇళ్ల పిల్లలే. దాన్ని ఎవరూ కన్సల్టింగ్ అనలేదు, లక్ష జీతమూ ఇవ్వలేదు. పని మాత్రం అదే పని. అందుకని ఆ పిల్లాడి ఆశను నేను దురాశ అనను. ఆ పనిలోకి మనం పోవాలి. ఎట్లా పోవాలన్నదే ప్రశ్న.

ఆ గదిలోకి పోవడానికి మూడు గడపలు దాటాలి. ఒకటి డిగ్రీ కాగితం గడప. రెండు పని తెలిసిన గడప. మూడు కులం గడప. ఫోనులో కనిపించే ప్రకటన మొదటి గడప ఒక్కదాన్నే చూపించి మూడింటికీ డబ్బు వసూలు చేస్తుంది. మోసమంతా అక్కడే ఉంది.

మొదటి గడప సంగతి. ఇంట్లో కూర్చొని చదివిన డిగ్రీ డిగ్రీయేనా? నేను దానికి సాక్షిని. మా నాయన పాలేరు, మా అమ్మ మిరపకోతకు పోయేది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. అదీ రోజూ కాలేజీకి పోయి కాదు. వారమంతా పనికి పోయి, ఆదివారం పట్నంలో స్టడీ సెంటరు క్లాసులు విని చదివాను. అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో హైదరాబాదులో పెట్టారు. దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే మొదటిది. ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరుతో పెట్టింది కూడా 1985లో, దీని తర్వాతే. 1991లో, బాబాసాహెబ్ శతజయంతి ఏడాదిలో, దానికి ఆయన పేరు పెట్టారు. తెలుగులో రాసిన ఆ పాఠ్యపుస్తకాలు లేకపోతే నేను ఈ రోజు మీ ముందు మైకు పట్టుకొని ఉండేవాడిని కాదు. అయినా బీఈడీ కాకముందు ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగానికి పోతే అక్కడి పెద్దమనిషి నా సర్టిఫికెట్ చూసి, "ఓపెనా? అంటే కాలేజీ మొహం చూడలేదన్నమాట" అని నవ్వాడు. ఆ నవ్వు నాకిప్పటికీ వినపడుతుంది.

ఆ నవ్వుకు ఇప్పుడు కాగితం మీద జవాబుంది. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ ఇచ్చిన డిగ్రీ, కాలేజీకి పోయి చదివిన డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో ప్రకటించింది. ఆ మాట 2020 నాటి యూజీసీ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి ఆన్‌లైన్ డిగ్రీ అంటే దొంగ డిగ్రీ కాదు. కానీ ఆన్‌లైన్‌లో అమ్మేదల్లా డిగ్రీ కాదు. ఈ రెండు మాటలూ కలిపి గుర్తుపెట్టుకోండి.

డబ్బు కట్టేముందు ఏం చూడాలి? రాసుకోగలిగినవాళ్లు రాసుకోండి. ఒకటి, యూజీసీలో దూరవిద్య మండలి ఉంది. ఏ విశ్వవిద్యాలయం ఏ కోర్సు ఏ ఏడాది ఆన్‌లైన్‌లో నడపవచ్చో అది జాబితా పెడుతుంది. విశ్వవిద్యాలయం పేరు ఉంటే చాలదు. ఆ కోర్సు పేరు, మీరు చేరే ఏడాది, రెండూ ఉండాలి. రెండు, ఆ కాగితం మీద 'డిగ్రీ' అని ఉందా, 'సర్టిఫికెట్' అని, 'ప్రోగ్రాం' అని ఉందా చూడండి. సర్టిఫికెట్ తప్పు కాదు, కానీ డిగ్రీ అడిగిన చోట అది చెల్లదు. మూడు, విశ్వవిద్యాలయం తన డిగ్రీని ఫ్రాంచైజీకి ఇచ్చి ఇంకొకరి చేత నడిపించకూడదు. మధ్యలో ఉన్న కంపెనీ యాప్ చూపించి, "మేమే విశ్వవిద్యాలయం" అన్నట్టు మాట్లాడితే అక్కడ ఆగండి. ఫీజు విశ్వవిద్యాలయం ఖాతాలోకే పోవాలి. నాలుగు, 2024 నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరేవాళ్లు యూజీసీ పోర్టల్‌లో డెబ్-ఐడీ అనే నంబరు తీసుకోవాలి. ఆ నంబరు ఊసెత్తకుండా చేర్చుకుంటామంటే అనుమానించండి. అయిదు, ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రం ఇట్లాంటి డిగ్రీలు ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి లేదు. ఇస్తామన్నవాడు అబద్ధమాడుతున్నాడు.

ఆరోది అన్నిటికన్నా ముఖ్యం. "ఇప్పుడేమీ కట్టక్కర్లేదు, నెలనెలా కట్టండి" అంటారు. అది వాయిదా కాదు, అప్పు. ఫైనాన్సు కంపెనీ మీ పేరున అప్పు రాసి ఆ డబ్బు వాళ్లకిచ్చేస్తుంది. చదువు నచ్చక మానేసినా వాయిదా ఆగదు. నా దగ్గర పదో తరగతి చదివిన ఒక కుర్రాడు ఇట్లాగే ఇరుక్కున్నాడు. ఫోనులో నాలుగు చోట్ల వేలు నొక్కాడు, అంతే. మూడు నెలలకు క్లాసులు ఆగినయ్, అప్పు ఆగలేదు. చేతికొచ్చిన కాగితం తీసుకొని నా దగ్గరికొచ్చాడు. చూస్తే అది డిగ్రీ కాదు, ఏ విశ్వవిద్యాలయం పేరూ దాని మీద లేదు. వాళ్ల నాయన వెట్టి పత్రం మీద వేలిముద్ర వేసినవాడు. కొడుకు ఫోను మీద వేలిముద్ర వేశాడు. తేడా ఏముంది చెప్పండి?

మరి సరైన కాగితం తక్కువ ఖర్చులో దొరకదా? దొరుకుతుంది. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది, ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. మద్రాసు ఐఐటీ 2020లో డేటా సైన్సులో ఆన్‌లైన్ డిగ్రీ మొదలుపెట్టింది. దానికి జేఈఈ అక్కర్లేదు. కొన్ని వారాలు పాఠాలు చెప్పి, పరీక్ష పెట్టి, పాసైనవాళ్లను చేర్చుకుంటారు. ఎస్సీ ఎస్టీ పిల్లలకు, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకు ఫీజులో పెద్ద రాయితీ ఉంది. పాఠాలు ఫోనులో వినవచ్చు, పరీక్ష మాత్రం కేంద్రానికి పోయి రాయాలి. అది తేలిక చదువు కాదు. లెక్కలు, ఇంగ్లీషు గట్టిగా కావాలి. కానీ గట్టి చదువుకే గట్టి విలువ. ఇంకా 'స్వయం' అని కేంద్ర ప్రభుత్వం 2017లో పెట్టిన వేదిక ఉంది. అందులో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకే ఫీజు. ఎవడో యాప్‌వాడు వేలకు అమ్మే పాఠం చాలాసార్లు అక్కడ ఊరకే దొరుకుతుంది.

ఇక రెండో గడప. కాగితం చేతికొచ్చింది. మెకిన్సీవాడు పిలుస్తాడా? అబద్ధం చెప్పను. పిలవడు. ఆ పై వరస కంపెనీలు ఎక్కువగా ఐఐఎంలకు, ఐఐటీలకు వాళ్లే పోయి అక్కడి క్యాంపస్‌లోనే మనుషులను ఏరుకుంటాయి. పెద్ద ఐఐఎంలలో రెండేళ్ల చదువుకు ఇరవై లక్షలు దాటింది. ఆన్‌లైన్ డిగ్రీ పట్టుకొని ముందు తలుపు తడితే తెరుచుకోదు. కానీ ఆ ఇంటికి పక్క తలుపులున్నాయి. ఆ పెద్ద కంపెనీల హైదరాబాదు ఆఫీసుల్లోనే ఖాతాలు, ఆడిట్, పన్నులు, డేటా సరిచూసే కింది మెట్టు ఉద్యోగాలున్నాయి. చిన్న సలహా సంస్థలున్నాయి. ప్రభుత్వ పథకాల మీద సర్వేలు, మదింపులు చేసే సంస్థలున్నాయి. అక్కడ రెండు మూడేళ్లు పని నేర్చుకొని పై మెట్టుకు పోవచ్చు. మా బడిలో చదివిన ఒక అమ్మాయి అట్లాగే పోయింది. దూరవిద్యలో బీకాం చదివి, ఒక ఆడిటర్ దగ్గర చిన్న జీతానికి రెండేళ్లు పుస్తకాలు రాసి, ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీలో లెక్కలు విశ్లేషించే పనిలో ఉంది. ఆమెకు లక్ష జీతం లేదు. కానీ వాళ్లమ్మ ఇప్పుడు కూలికి పోవడం లేదు.

ఆ పనికి ఏం కావాలి? ఎక్సెల్‌లో లెక్క పెట్టడం, చూసింది పది వాక్యాల్లో ఇంగ్లీషులో తప్పుల్లేకుండా రాయడం, నలుగురి ముందు నిలబడి చెప్పడం, తెలియని విషయాన్ని ముక్కలు చేసి అంచనా వేయడం. ఇంటర్వ్యూలో ఈ చివరిదే అడుగుతారు. దాన్ని వాళ్లు 'కేసు' అంటారు. భయపడాల్సిందేమీ లేదు, ఇప్పుడే చేద్దాం. మన వాడలో పాల కేంద్రం పెడితే రోజుకు ఎంత వస్తుంది? నూటయాభై ఇళ్లు అనుకోండి. మూడిళ్లకు ఒక గేదె, అంటే యాభై గేదెలు. అందులో సగమే పాలిచ్చేవి, ఇరవై అయిదు. ఒక్కోటి నాలుగు లీటర్లు, మొత్తం నూరు లీటర్లు. పావు వంతు ఇళ్లలోకి పోతే డెబ్భై అయిదు లీటర్లు కేంద్రానికొస్తాయి. లీటరు యాభై అనుకుంటే రోజుకు మూడు వేల ఏడు వందల యాభై రూపాయలు. ఇదే కేసు. మీరందరూ తలలూపారంటే మీరందరూ చేశారన్నమాట.

కానీ ఇక్కడ ఇంకో మాట ఉంది. ఐఐఎంలో చదివినవాడు కూడా ఈ లెక్క ఇట్లాగే వేస్తాడు. కేంద్రం నష్టపోతే, గేదెలు తక్కువని రిపోర్టు రాస్తాడు. మనకు మాత్రం తెలుసు, కొన్ని ఊళ్లలో వాడ పాలు ఊరివాళ్లు పోయించుకోరని, పాలవ్యాను వాడ మలుపు దగ్గరే వెనక్కి తిరుగుతుందని. ఆ సంగతి ఏ ఎక్సెల్ గడిలోనూ ఉండదు. దాన్ని రాయగలిగినవాడే సరైన సలహా చెప్పగలడు. కాబట్టి మన బతుకు అనుభవం సిగ్గుపడాల్సింది కాదు తమ్ముళ్లారా, అది మన చదువులో సగం. మిగతా సగం కష్టపడి నేర్చుకోవాలి. ఒక్క హెచ్చరిక. చేయని ఉద్యోగం చేసినట్టు దొంగ అనుభవం పెట్టొద్దు. చేరిన తర్వాత కూడా పాత కంపెనీలకు రాసి విచారిస్తారు, దొరికితే తీసేస్తారు. మనవాడు ఒక్కడు దొరికితే వెనక వచ్చే పదిమందిని ఆ పేరుతోనే చూస్తారు.

మూడో గడప. దీన్ని గురించి చెప్పడానికే నేను బాబాసాహెబ్ దగ్గరికి పోతున్నాను. మన దేశంలో కన్సల్టెంటుగా బోర్డు కట్టిన తొలి దళితుడు ఎవరై ఉంటాడనుకుంటున్నారు? బహుశా ఆయనే. 1913లో అమెరికా పోయి, కొలంబియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి, 1915లో ఎం.ఏ. పట్టా తీసుకొని, లండన్‌లో చదువు మధ్యలో ఆగి 1917లో తిరిగొచ్చాడు. బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే, ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టారు. బొంబాయి తిరిగొచ్చి, బతకడం కోసం ట్యూషన్లు చెప్పాడు. షేర్ల వ్యాపారం చేసేవాళ్లకు సలహాలిచ్చే సంస్థ ఒకటి పెట్టాడు. చూడండి, అచ్చంగా కన్సల్టెన్సీ! మొదట బేరాలొచ్చాయి. సలహా చెప్పేది అంటరానివాడని తెలిసేసరికి బేరాలు ఆగిపోయాయి. సంస్థ మూతపడింది. సలహా తప్పని ఒక్కరూ అనలేదు. చెప్పిన నోరు తప్పన్నారు. 1918లో సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసరైతే, అక్కడి తోటి ప్రొఫెసర్లలో కొందరు ఆయన తమ కుండలో నీళ్లు ముట్టకూడదన్నారు.

కొలంబియా కాగితం ఉన్న అంబేద్కర్‌నే ఆ గడప ఆపింది. మన ఆన్‌లైన్ కాగితాన్ని ఆపదా?

అది నూరేళ్ల కిందటి మాట అంటారేమో. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పండితులు ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు దరఖాస్తులు పంపి ఒక పరిశీలన చేశారు. 2007లో అచ్చయింది. చదువు ఒకటే, అనుభవం ఒకటే. ఇంటిపేరు మాత్రం ఒకదాని మీద అగ్రకులానిది, ఒకదాని మీద దళితులది, ఒకదాని మీద ముస్లిం పేరు. నాలుగు వేల ఎనిమిది వందలకు పైగా దరఖాస్తులు. పిలుపు వచ్చే అవకాశం దళిత పేరుకు అగ్రకుల పేరుకన్నా మూడో వంతు తక్కువని తేలింది. ముస్లిం పేరుకు ఇంకా తక్కువ. మనిషిని చూడలేదు, మాట వినలేదు, పేరు చూశారంతే. అదే ఏడాది వచ్చిన ఇంకో పరిశీలనలో, ఉద్యోగాలిచ్చే మేనేజర్లు 'కుటుంబ నేపథ్యం' చూస్తామని చెప్పారు. "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అనే ప్రశ్న అదే. ఆ ప్రశ్నకు 'కూలి' అని చెప్పిన పిల్లాడి గొంతు వణికితే దాన్ని ఆత్మవిశ్వాసం లేకపోవడం అని రాసుకుంటారు. పెద్ద కంపెనీల్లో లోపలివాడు సిఫారసు చేసిన దరఖాస్తును ముందు చూస్తారు. లోపల మనవాడు లేకపోతే సిఫారసు ఎవరు చేస్తారు?

దీనికి తోడు ఇంకొకటి జరుగుతోంది. ప్రభుత్వాఫీసుల్లో పోస్టులు ఖాళీగా పెట్టి, ఆ పనిని కన్సల్టెన్సీ కంపెనీలకు అప్పగిస్తున్నారు. సెక్రటేరియట్‌లో ప్రభుత్వ బల్ల దగ్గరే కంపెనీ మనిషి కూర్చొని పథకం రాస్తాడు. ప్రభుత్వ ఉద్యోగంలో మనకు రిజర్వేషన్ ఉంది. కంపెనీ ఉద్యోగంలో లేదు. పని అదే, కుర్చీ అదే, మన వాటా మాయం. 2024 ఆగస్టులో కేంద్రంలో 45 పెద్ద పోస్టులకు రిజర్వేషన్ లేకుండా నేరుగా బయటివాళ్లను తీసుకుంటామని ప్రకటన ఇచ్చారు. దేశమంతా గొడవైంది, మూడు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. అరిస్తే ఆగుతుందని దాన్నిబట్టి తెలుస్తోంది. అరవకపోతే ఏమయ్యేదో కూడా తెలుస్తోంది.

కాబట్టి మొదటి రెండు గడపలు చదువుతో దాటాలి. మూడో గడపను ఉద్యమంతో బద్దలు కొట్టాలి. చదువుకున్నవాడు నాకు ఉద్యమంతో పని లేదంటే మూడో గడప దగ్గర ఒంటరిగా నిలబడతాడు. ఉద్యమంలో ఉన్నవాడు నాకు ఎక్సెల్‌తో పని లేదంటే మన గురించి ఎప్పుడూ ఇంకొకడే రాస్తాడు.

మనం అడగాల్సినవి నాలుగున్నాయి. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ కావాలి. ప్రభుత్వ సొమ్ముతో పనిచేసే కన్సల్టెన్సీ కంపెనీలు ఆ పనిలో పెట్టుకున్న మనుషుల్లో ఎస్సీ ఎస్టీ బీసీలు ఎందరో లెక్క బయటపెట్టాలి, మన వాటా మనకివ్వాలి. గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలకు కూడా మన పిల్లల ఫీజును ప్రభుత్వమే కట్టాలి. సంక్షేమ హాస్టళ్లలో, అంబేద్కర్ భవనాల్లో కంప్యూటర్లు, నెట్టు పెట్టాలి. ఆన్‌లైన్ చదువంటే అందరికీ సమానమంటారు. ఇంట్లో ఒకే ఫోనుంటే అది అన్న చేతిలో ఉంటుంది, చెల్లెలి చేతిలో చీపురు ఉంటుంది. అది సమానమెట్లా అవుతుంది? పట్నం కాలేజీకి పంపడానికి భయపడే ఆడపిల్లలకు ఈ చదువు నిజంగా ఒక దారి. ఆ ఫోను కాసేపు ఆమె చేతికివ్వండి.

ప్రభుత్వం ఇచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోవద్దు. ఉద్యోగాలొచ్చిన మా బోటివాళ్లం చందాలేసుకొని ఈ భవనంలో రెండు కంప్యూటర్లు పెడుతున్నాం. ప్రతి ఆదివారం పొద్దున నేనుంటాను. ఎవరికి ఏ ప్రకటన వచ్చినా, డబ్బు కట్టకముందు ఇక్కడికి తీసుకురండి. జాబితాలో ఉందో లేదో అందరం కలిసి చూద్దాం. హైదరాబాదులో పనిచేసే మన పిల్లలు నెలకోసారి ఫోనులో ఇంటర్వ్యూ పాఠం చెప్తామన్నారు. వాళ్ల కంపెనీలో ఖాళీ వస్తే ముందు మనకే చెప్తామన్నారు. పై కులాలవాళ్లకు మేనమామలు చేసే పని మనకు మన సంఘం చేయాలి.

చివరిగా ఆ తల్లి సంగతి. నాలుగు రోజుల తర్వాత వాళ్లింటికి పోయాను. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకొని ఆ ప్రకటన తీసి, ఇందాక చెప్పినవన్నీ ఒక్కొక్కటీ చూశాం. జాబితాలో ఆ కోర్సు లేదు. పిల్లాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఉన్నదాంట్లో చేరతా మాస్టారూ" అన్నాడు. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీకి దరఖాస్తు పెట్టాడు. పగలు పట్నంలో ఒక ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తున్నాడు. రాత్రి ఎక్సెల్ నేర్చుకుంటున్నాడు. పోయిన ఆదివారం ఇక్కడికొచ్చి మన వాడ ఇళ్లన్నీ తిరిగి గేదెల లెక్క తెచ్చాడు. నేను అంచనా వేసిన యాభై తప్పంట. ముప్పై ఎనిమిదే ఉన్నాయంట. మాస్టారి లెక్క సరిదిద్దాడు. నాకు సంతోషమైంది.

ఆ ముప్పై ఎనిమిదిలో వాళ్ల గేదె కూడా ఉంది. అమ్మలేదు.

బోధించు, సమీకరించు, పోరాడు అన్నారు బాబాసాహెబ్. మూడూ చేద్దాం.

జై భీమ్!